సబేటో దారిలో సైకిలు గంట

ఒకనాటి ఉదయం ఫిజీ దీవుల్లో, సబేటో లోయలోని ఫిజియన్ల ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురుబొంగులు పడ్డాయి. సింహాద్రి సైకిలును గ్రామపెద్ద సెరు తన ఇంటి అరుగు మీదికి ఎక్కించి పెట్టుకున్నాడు. సింహాద్రిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఊరి బయటికి చెయ్యి చూపించారంతే. అతడు కాలినడకన నాండి కోర్టు ఆవరణకు వచ్చి నా ముందు నిలబడేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

"దుబాసీ బాబూ, బండి పోతే పోనాది. ఈ రాత్తిరి నేను లైన్లకి ఎలాగెళ్ళేది? నా పెళ్ళాం ఒక్కర్తే ఉంటాది" అన్నాడు.

నేనప్పుడు నాండి మేజిస్ట్రేటు కోర్టులో దుబాసీని. గిర్మిట్, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం, రద్దు కావచ్చునన్న మాట అప్పుడప్పుడే వినిపిస్తున్న కాలం. మద్రాసులో ఒక దినపత్రికలో అచ్చు తప్పులు దిద్దడంతో మొదలుపెట్టి విలేకరి పని దాకా నేర్చుకుని వచ్చాను. కోర్టు జీతం మీద బతుకుతూ సూవాలోని ఒక పత్రికకు జిల్లా వార్తలు పంపేవాణ్ణి. కోర్టులో దుబాసీ హోదా గుమస్తాకు కింద, బంట్రోతుకు పైన. సాక్షి చెప్పినదానికి ఏమీ కలపకుండా, ఏమీ తీయకుండా ఇంకో భాషలో చెప్పడం మా పని.

సింహాద్రి విశాఖపట్నం వైపు మనిషి. గిర్మిట్ తీరి ఖుల్లా అయ్యాడు. ఒప్పందం తీరి స్వేచ్ఛగా బతికేవాణ్ణి అక్కడ అలా అనేవారు. లోయ పైభాగాన సెరు వంశం వారి భూమిని ప్రభుత్వం ద్వారా కౌలుకు తీసుకున్నాడు. భూమిని బాగుచేసి సాగులో ఉంచాలి, లేకపోతే కౌలు పోతుంది. అతని భార్య నూకాలు తరువాతి ఓడలో వచ్చింది. పెళ్ళి ఫిజీలోనే రిజిస్టరయింది గాని ఆమె గిర్మిట్ ఇంకా తీరలేదు. లోయ అడుగున ఉన్న చెరకు ఎస్టేటులో, కూలీల గదుల వరుసల్లో ఉండేది. ఆ వరుసలనే లైన్లు అంటారు. ఆమె నెలలు నిండుతున్న మనిషి. అక్కడి సర్దారు, అంటే కూలీల మీది మేస్త్రి, ఒంటరి ఆడవాళ్ళ గదుల దగ్గర తచ్చాడతాడని కోర్టులో పనిచేసే మాకు తెలుసు. రుజువు చెయ్యడానికి మాత్రం సాక్షి దొరికేవాడు కాదు. సింహాద్రి రాత్రి భార్య దగ్గర ఉండవచ్చునని మేనేజరు ఒప్పుకున్నాడు. పగలు ఉండకూడదు. కొండ చుట్టి పోయే బండిదారిన నడిస్తే పొలం పని మధ్యలో వదిలి బయలుదేరాలి. ఊళ్ళోంచి పోయే దారిన సైకిలు మీద పోతే భూమీ దక్కుతుంది, భార్యకూ కాపు ఉంటుంది.

సైకిలు అతనికి తోచిన ఆలోచన కాదు. నాండి చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొందరు అప్పటికే చిన్న సంఘంగా ఏర్పడ్డారు. ఆదివారం భజన అయ్యాక చెరకు కొట్టేసిన చేలో కొత్తవాళ్ళకు తొక్కడం నేర్పేవారు. సంఘం పెద్ద, పాల వర్తకుడు కన్నయ్య.

"గుర్రానికి గడ్డి కొయ్యాల, కాపలా కాయాల. దీనికి బొట్టు కొబ్బరినూనె సాలు" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు.

"అవున్లే మామా, నీ గుర్రం మంచిదే. మనం తొక్కితేనే గదా కదుల్తాది" అని సింహాద్రి వెక్కిరించేవాడు.

ట్యూబు పాడైతే టైరులో ఎండు చెరకాకు కూరి నడిపిన వాళ్ళను నేను చూశాను.

వారికి అడ్డం వచ్చింది నిబంధన. చక్రమున్నది ఏదైనా గెజెట్‌లో, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రికలో, రోడ్డుగా ప్రకటించిన దారి మీదే నడవాలని మా జిల్లా రోడ్డు బోర్డు నియమం. ఊళ్ళోంచి పోయే దారి గెజెట్‌లో లేదు; మావాళ్ళు అక్కడ తొక్కుతున్నది నియమానికి విరుద్ధంగానే. దానిని ప్రకటించమని సంఘం అర్జీ పెట్టింది. ఊరివారికి అభ్యంతరం లేకపోతే సరేనన్నట్టుగా బోర్డు అధ్యక్షుడు మాట్లాడాడు. ఆయనే మా మేజిస్ట్రేటు. విచారణ దగ్గర పడింది. వెదురుబొంగులు పడ్డది ఆ వారంలోనే.

భూమి పోతుందన్న భయంతో దారి మూశారని కన్నయ్య తేల్చేశాడు. ఫిర్యాదు చెయ్యాలన్నాడు. సింహాద్రికి బండి కావాలి, ఫిర్యాదు కాదు. ఆ మధ్యాహ్నమే సెలవు అడిగి అతనితో నడిచి వెళ్ళాను. నాకు కొద్దిగా ఫిజియన్ భాష వచ్చు.

ఊరు చడీచప్పుడు లేకుండా ఉంది. పిల్లలు కూడా గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. సెరు గొంతు పెంచకుండా చెప్పాడు. అతని అన్న చనిపోయాడు. పెద్దవాడు పోతే ఊరంతా కొంతకాలం మౌనం పాటిస్తుంది. డప్పు మోగదు, కేక వినపడదు. అలాంటి ఊళ్ళోంచి మీవాళ్ళు రోజూ సైకిళ్ళెక్కి, కూర్చున్న ముసలివాళ్ళ తలలకంటే ఎత్తున, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా గంట కొట్టుకుంటూ పోతున్నారు. ఏడుస్తున్నవాళ్ళ ముందు నవ్వినట్టుంది అన్నాడు.

నేను తెలుగులోకి మార్చి చెప్పగానే సింహాద్రి సెరు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయ్యో బాబూ! గంట కొట్టడం మర్యాదనుకున్నాం. మా ఊళ్ళో తపాలా బంట్రోతు గజ్జెలు మోగించుకుంటా పరిగెత్తేవోడు. సెప్పకుండా ఒకరి వాకిట్లోకి ఎల్తే దొంగతనం గదా! ఊరు పలక్కపోతే ఇనపడలేదనుకుని ఇంకా గట్టిగా కొట్టినాం."

అది సంఘం తీర్మానం కూడాను. ఊళ్ళో గంట ఆపకూడదని సభ్యులందరి చేతా ఒట్టు పెట్టించుకున్నారు. నేను ఆ మాటలు సెరుకు ఉన్నవున్నట్టు చెప్పాను. పక్కనున్న ముసలామె మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

మర్యాద ప్రకారం యాంగోనా వేరు తెచ్చి ముందు పెట్టి, క్షమించమని అడగాలి. ఆ వేరు నూరి చేసే పానీయం లేకుండా అక్కడ ఏ పెద్దమాటా జరగదు. సింహాద్రి దగ్గరలోని దుకాణానికి పోయి, తెచ్చి, వంగి పెట్టాడు. సెరు చేతులు చరిచి స్వీకరించాడు. షరతులు చెప్పాడు. మొదటి ఇంటి దగ్గర దిగాలి. తలపాగా తీయాలి. చప్పుడు లేకుండా చేత్తో నడిపించుకుని పోవాలి. కూర్చున్నవాళ్ళను దాటేటప్పుడు వంగి "తులోవు" అనాలి. అక్కడ క్షమాపణ మాట అది. ఇంకొకటి: అర్జీ వెనక్కి తీసుకోవాలి. నడవడానికి దారి ఇస్తానుగాని, తన ముంగిలిని ప్రభుత్వ రోడ్డుగా రాయనివ్వనన్నాడు.

సెరు బండి దింపి ఇవ్వడంతో ఆ రాత్రి సింహాద్రి సైకిలు మీదే లైన్లకు చేరాడు. నూకాలు, "గంట ఇనపడలేదే, దొంగలా వొచ్చినావు" అందట. మరునాడు అతడే నాకు చెప్పాడు.

అర్జీ వెనక్కి తీసుకోవడానికి కన్నయ్య ఒప్పుకోలేదు.

"నీ పెళ్ళాం కోసం మా అందరి దారీ పోగొడతావా? సెరు దయ ఈయేళ ఉంటాది, రేపు ఉంటాదా? కాయితం మీద ఉండాల!"

"నీకు కాయితం కావాల మామా, నాకు రాత్తిరి కావాల" అన్నాడు సింహాద్రి.

కన్నయ్య చెప్పినదీ తప్పు కాదు. విచారణ నాడు సింహాద్రి అర్జీలో తన వేలిముద్ర రద్దు చెయ్యమన్నాడు. మిగతావారు నిలబడ్డారు. చేత్తో నడిపించే సైకిలును చక్రమున్న వాహనంగా లెక్కపెట్టవద్దని మాత్రం అతడు కోరాడు. అధ్యక్షుడు ఆ మేరకు పోలీసుకు ఆదేశమిచ్చాడు. అర్జీ విషయంలో, ఊరివారి లిఖిత సమ్మతి వచ్చేదాకా వాయిదా అన్నాడు. సెరు సంతకం చెయ్యడని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా, అర్జీ వెనక్కి తీసుకోకపోయినా మిగతా షరతులు పాటించిన సంఘం సభ్యులను అతడు ఆపలేదు. ఊరు దాటాక పొలాల మధ్య అందరూ ఎక్కి తొక్కేవారు. అది నియమం తప్పడమే. పోలీసు అటు రాలేదు.

నూకాలుకు లైన్లలోనే ఆడపిల్ల పుట్టింది. ఆమె గిర్మిట్ తీరేదాకా సింహాద్రి ఆ ఊళ్ళోంచి తలవంచుకుని నడిచాడు. భూమి నిలిచింది.

దారి కోరేవాళ్ళు, అది ఎవరి వాకిట్లోంచి పోతుందో వాళ్ళను ముందు అడగాలని ఆ వ్యవహారంలో నేర్చుకున్నాను. సంఘం బోర్డును అడిగింది, దుకాణదారులను అడిగింది, పత్రికకు రాయమని నన్నూ అడిగింది. ఊరిని అడగలేదు. మాట మీద జరిగిన ఏర్పాటు చట్టం కంటే త్వరగా పనిచేస్తుందని, అయితే అది ఇచ్చినవాడితోనే ముడిపడి ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది.

సెరు ఇప్పుడు లేడు. ఆయన మాట తరువాతి పెద్దలకు వర్తిస్తుందా అన్నది ఎవరూ తేల్చలేదు. నేను ఉద్యోగం విరమించేనాటికి కూడా ఆ అర్జీని బోర్డు ఆమోదించలేదు, తిరస్కరించనూ లేదు.