నాయన కుడి బొటనవేలు

మా నాయన సర్కారు దవాఖాన మోటారులో స్ట్రెచర్ మోసేవాడు. ఎవరి ప్రాణం మీదికొచ్చినా మోటారు వెనక భాగంలో ఆయన ఉండాల్సిందే. నాకు పదకొండేళ్లప్పుడు, కోహీర్ వైపు నుంచి నొప్పులు పడుతున్న ఒకావిడను జహీరాబాద్ తెస్తుంటే, చెరుకు బండిని తప్పించబోయి మోటారు బోల్తా పడింది. ఆవిడ పడిపోకుండా స్ట్రెచర్‌ను ఎడమ చేత్తో పట్టుకుని వదల్లేదట నాయన. ఆవిడకు ఆ రోడ్డు పక్కనే కొడుకు పుట్టాడు. నాయన ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది.

"ఒకడొచ్చిండు, ఒక చెయ్యి పోయింది. మంచి బేరమే" అని ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం ఆ పిల్లవాడి మీద చాలా ఏళ్లు కోపం ఉండేది.

ఉద్యోగం పోయింది. పనిలో దెబ్బ తగిలినవాళ్లకు సర్కారు పింఛను ఇస్తుందన్నారు. అదొక్కటే మాకు దిక్కు. ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనే కాబట్టి అర్జీ నేనే రాశాను. తాలూకా కచేరి గుమాస్తా కాగితం తీసుకుని, తలెత్తకుండానే, "ఎడమ బొటనవేలు ఎయ్యి" అన్నాడు.

"ఆ చెయ్యి పోయిందనే కద సాబ్, అర్జీ పెడుతున్న" అన్నాడు పక్కనే ఉన్న నాయన.

గుమాస్తా తలెత్తి ఖాళీ చొక్కా చెయ్యి చూశాడు. పాపం, నిజంగానే అయ్యో అన్నాడు. "గని మగోళ్లది ఎడమ వేలే ఉండాలె. కుడిది ఆడోళ్లది. నేను పెట్టిన రూలా?"

"సంతకం నేర్చుకుంట సాబ్."

"సర్వీసు పుస్తకంల నీది వేలు ముద్ర ఉన్నది. సంతకం దానితోని ఎట్ల కలుస్తది?"

చివరికి ఆయనే జాలిపడి కుడి వేలు వేయించుకున్నాడు. "హైద్రాబాద్‌ల ఎవడు చూస్తడు తియ్యి. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

చూశారు. పై ఆఫీసులో ఎవరో మహానుభావుడు బుర్ర పెట్టి ఆలోచించాడు. కుడి వేలుంది కాబట్టి అర్జీదారు ఆడమనిషి. ఆడమనిషి అంటే భార్య. భార్య అర్జీ పెట్టిందంటే ఉద్యోగి పోయినట్టే. ఎనిమిది నెలలకు ఆర్డరు వచ్చింది: విధి నిర్వహణలో మరణించిన ఉద్యోగి భార్యకు జీవితాంతం పింఛను. నేను చదువుతుంటే నాయన రొట్టె నమలడం ఆపాడు.

"ఎవరు సచ్చిన్రు?"

"నువ్వే" అన్నాను.

పరుగున కచేరికి పోయాం. "బతికే ఉన్న సాబ్" అన్నాడు నాయన.

"నాకు కనవడ్తలేదా? ఇది దిద్దాలంటె నువ్వే అర్జీ పెట్టాలె."

"పెడత."

"ఎడమ వేలుతోని."

నాయన ఖాళీ చొక్కా చెయ్యి పైకెత్తి చూపించాడు. గుమాస్తా గొంతు తగ్గించి, "ఊకె తీసుకోన్రి. గిసోంటి ఆర్డరు మల్ల రాదు" అన్నాడు. నాయన చనిపోయాడని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కావాలట. నాయనే ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. దారిలో వాళ్లకు చాయ్ కూడా తాగించాడు.

తీరా పింఛను తీసుకోవడానికి అమ్మ వెళితే గుమాస్తా ఆమె నుదురు చూసి అడ్డం పడ్డాడు. "బొట్టుతోని వస్తె ఎట్లమ్మా? తనిఖీకొచ్చినోళ్లు చూస్తె నా నౌకరి పోతది."

అమ్మ భగ్గుమంది. "థూ! నీ పింఛను పాడుగాను! నా మొగుడు ఇంట్ల కూసోని రొట్టె తింటుండు!"

రెండు నెలలు పట్టు విడవలేదు. ఆ రెండు నెలల్లో రొట్టె కూడా లేకుండా పోయింది. నాయనే బతిమాలాడు. "బొట్టు తుడిస్తె నేను సస్తనా ఏందే? మోటారు మీద పడ్డప్పుడే సావలేదు."

అప్పటి నుంచి ప్రతి ఒకటో తారీఖున అమ్మ కచేరి వెనక గోడ చాటున బొట్టు తుడుచుకుని, గాజులు తీసి కొంగున ముడేసుకుని, లోపలికి పోయేది. ఇంటికి రాగానే నాయన కుంకుమ భరిణె పట్టుకుని గడపలో నిలబడి ఉండేవాడు. కుడి బొటనవేలితో బొట్టు పెట్టేవాడు. "సర్కారుకు పనికిరాని వేలు, జర నీకన్న పనికొచ్చింది" అనేవాడు. అమ్మ తిట్టేది, నుదురు మాత్రం ముందుకు పెట్టేది.

ఏడేళ్లు ఇలా గడిచాక నాయన మూడు రోజుల జ్వరంతో నిజంగానే పోయాడు. పదో రోజున బొట్టు తుడవడానికి ఆడవాళ్లొచ్చారు. అమ్మ వాళ్ల చేతులు తోసేసింది. "ఆయన బతికుండంగ ఏడేండ్లు తుడిచిన. ఇగ తుడవ. ఎవరేమన్న అనుకోన్రి."

ఒకటో తారీఖు వచ్చింది. అమ్మ తన కుడి బొటనవేలితో తనే ఇంత పెద్ద బొట్టు పెట్టుకుంది. నేనూ వెంట వెళ్లాను. ఆ గోడ దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి నడిచింది.

"ఏందమ్మా, బొట్టు తుడుసుడు మరిచినవా?" అన్నాడు గుమాస్తా.

"మరవలేదు. ఆయన సచ్చిపోయిండు."

"మల్లనా?" అనేశాడు. అని నోరు మూసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

గుమాస్తా ఇంకేమీ అనకుండా పుస్తకం ముందుకు జరిపాడు. అమ్మ వేలికి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. నీలం సిరాలో అద్ది వేస్తే ముద్ర అంచున ఎర్రగా పడింది. ఆయన దాన్ని తుడవలేదు.

తిరిగి వస్తూ అమ్మ కచేరి వెనక గోడ దగ్గరికి పోయింది. కొంగు విప్పబోయి, గాజులు చేతికే ఉన్నాయని చూసుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది.