బాపు లెక్కపెట్టిన గాజు గీతలు

లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి బతుకుదెరువుకొచ్చిన ఉధ్నాలోని మా ఒంటిగదిలో నేనూ, మగ్గాలు ఆగిపోయిన మా బాపూ మోకాళ్లు తగిలేలా కూర్చుంటున్నాం. తాపీ నది నీళ్లలో నాకు దొరికిన డయాటమ్, అంటే గాజు గుల్లలో బతికే కంటికి కనిపించని నాచు, కొత్త జాతేనని రాయాలంటే గుల్ల మీది గీతలు లెక్కపెట్టాలి. ఈ రోజు లాప్‌టాప్‌లో దాని మైక్రోస్కోప్ ఫొటో చూస్తూ మూడుసార్లు లెక్కపెడితే మూడు రకాలుగా వచ్చింది.

"జర జరుగు బిడ్డా. అంగుళానికి పోగులెన్నో జిందగీ అంత ఎంచినోన్ని," అంటూ బాపు సూదిమొనతో ఒక్కో గీతా దాటుతూ రెండుసార్లు లెక్కపెట్టి, రెండుసార్లూ ఒకే లెక్క చెప్పాడు.

సంబరంతో, దీనికి నీ పేరే పెడతానన్నాను.

"మరి లోపలుండేది ఏడికి పోయింది?"

"యాసిడ్‌లో ఉడికించి తీసేశాం బాపూ. గుల్లను చూసే పేరు పెడతాం."

బాపు కిటికీలోంచి, లాక్‌డౌన్‌కు తాళం వేసిన వీధి గేటు వైపు చూశాడు. "ఈ అర్ర సాలదా, నన్ను అండ్ల గూడ ఇరికిస్తవా?"

చదివే మీలో ఎవరైనా మీ పేరిస్తారా? గుల్ల ఖాళీగానే ఉంది.