స్వరూపక్క పేరు మీది అప్పు

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు, చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు మా షాపులో జాకెట్టు కుట్టించుకునే మనిషి కాకపోతే చాలు.

ముందే ఒక సంగతి. నాకు గర్వం ఎక్కువ. దాచుకోను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో నాకు సొంతంగా ఎంబ్రాయిడరీ షాపు ఉంది. అద్దెది కాదు, లోను మీద కొన్నది. ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఒకప్పుడు 'మీకు లోను రావడం కష్టమమ్మా' అని పంపేసిన బ్యాంకులోనే ఇప్పుడు నేను వెళితే కుర్చీ వేస్తారు. షాపుకొచ్చే ఆడవాళ్ళు జాకెట్టు కొలతలిస్తూ క్రెడిట్ స్కోరు సంగతులు కూడా నన్నే అడుగుతారు. అప్పు తీరగానే పండగ చేసుకోకండి అంటాను. అప్పు తీరడం వేరు, బ్యాంకుకి మన మీద మళ్ళీ గురి కుదరడం వేరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద చిన్న క్రెడిట్ కార్డు తీసుకోండి, కొంచెమే వాడండి, గడువుకి ముందే కట్టండి, కనబడిన ప్రతి బ్యాంకులో అప్లికేషన్ పెట్టకండి. ఇదంతా నేను నడిచి వచ్చిన దారి. అందుకే బాగా చెబుతాను. ఆ దారిలో ఎవరిని తొక్కుకుంటూ వచ్చానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమెను స్వరూపక్క అందాం. అసలు పేరు అది కాదు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో అద్దెకున్నప్పుడు వాళ్ళాయనతో మా పై వాటాలో ఉండేది. పుట్టిల్లు పోచంపల్లి దగ్గర, మగ్గం మీద బతికిన కుటుంబం. ఆమె మాత్రం నర్సు. మలక్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దది. నన్ను చెల్లె అని పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. ఆమెకు ఉన్నది ఒకటే కోరిక, సొంత ఇల్లు. ఎల్.బి. నగర్ వైపు ఏ కొత్త బిల్డింగ్ లేచినా వెళ్ళి చూసొచ్చి, వంటగది కిటికీ ఎటు ఉందో నాకు చెప్పేది.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొందామనుకున్నప్పుడు నాకు ఆదాయం చూపించే కాగితం ఏదీ లేదు. ఆమెకు జీతం స్లిప్పు ఉంది. 'నా పేరు మీద తీస్కో చెల్లె, నువ్వు కట్టుకో' అంది. మా దగ్గర ఇది మామూలే. ఒకరి పేరు, ఒకరి వాయిదా. ఫ్రిజ్‌లు, ఫోన్లు, బండ్లు ఎన్ని ఇళ్ళలోకి అలా రాలేదు? ఆ లోను కోసం ఆమె పేరు మీద కొత్త ఖాతా తెరిచాం. మెసేజులు నాకే రావాలని ఫోన్ నంబరు నాది ఇచ్చాం. అప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు. ఇది మీరు నమ్మాలి.

కరోనా వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగాయి. పెళ్ళి లేనిదే వర్కు జాకెట్టు ఎవరికి కావాలి? అప్పటి అద్దె షాపు కోసం నా పేరు మీద తీసుకున్న పర్సనల్ లోను, ఆమె పేరు మీది మెషిన్ లోను రెండూ ఆగిపోయాయి. ఫోన్లన్నీ నాకే వచ్చేవి. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఇంట్లో కూరగాయలున్నాయా అని దూరం నుంచే అడిగేది. ఉన్నాయక్కా అనేదాన్ని. వాయిదాల మాట ఎత్తేదాన్ని కాదు.

తర్వాత పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. అప్పు చేసి పప్పుకూడు తిన్న బాపతు కాదు నేను. నడుం పడిపోయేలా పని చేశాను. గాజులు అమ్మాను, చీటీ పాడాను. చేతికొచ్చిన డబ్బు ఒక లోను పూర్తిగా, ఇంకోటి సగం కట్టడానికి సరిపోతుంది. వసూళ్ళ ఆఫీసు నుంచి మాట్లాడే అమ్మాయి నాకు అంతా విడమరిచి చెప్పింది. పూర్తిగా కడితే రికార్డులో 'క్లోజ్డ్' అని పడుతుంది. సగానికి ఒప్పుకుంటే 'సెటిల్డ్' అని పడుతుంది, పేరు చాలా కాలం చెడిపోతుంది. ఈ సంగతి తెలియక సెటిల్‌మెంట్ చేసుకుని, అప్పు తీరిందని స్వీట్లు పంచినవాళ్ళను చూశాను. నేను తెలియక చేయలేదు.

నా లోను పూర్తిగా కట్టాను. ఆమెది సగానికి తేల్చాను.

ఎందుకు? నాకు సొంత షాపు కావాలి, షాపుకి లోను కావాలి, లోనుకి స్కోరు కావాలి. ఆమెకు నెల జీతం ఉంది కదా, ఆమెకేం అవసరం అనుకున్నాను. ఆ వంటగది కిటికీల కబుర్లన్నీ విన్న చెవులతోనే ఎలా అనుకోగలిగాను? బహుశా ఆమె ఎప్పటికీ ఇల్లు కొనే మనిషి కాదని లోపల నిర్ణయించేసుకున్నానేమో. ఇదే నాకు అన్నిటికంటే అసహ్యంగా తోస్తుంది. సెటిల్‌మెంట్ కాగితం మీద ఆమె సంతకం కావాలి. తీసుకెళ్ళాను. చదవలేదు. ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేసింది. ఒక గండం గట్టెక్కినవ్ చెల్లె అని నా తల నిమిరింది.

ఏడాది తిరక్కుండానే ఎల్.బి. నగర్‌లో ఆమెకు ఒక ఫ్లాట్ నచ్చింది. మెట్రోకు దగ్గర, ఆసుపత్రికి తొందరగా చేరుకోవచ్చు. అడ్వాన్సు ఇచ్చింది. బ్యాంకు లోను ఇవ్వలేదు. డ్యూటీ బట్టల్లోనే నా షాపుకొచ్చింది.

"చెల్లె, నా స్కోరు మంచిగ లేదంట. గా మెషిన్ లోను సెటిల్ అని చూపెడ్తున్నదంట. గదేంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలో పని లేకపోయినా కత్తెర పట్టుకున్నాను.

"మనం కట్టేశాం కదక్కా. కంప్యూటర్‌లో ఏదో తప్పు పడి ఉంటుంది. బ్యాంకుల్లో ఇలాంటివి మామూలే."

"నువ్వు కట్టినవని నాకెర్కలేదా? నిన్నేమన్న అంటున్ననా? నువ్వు జర పరేషాన్ గాకు. నా నసీబే గట్లున్నది."

నన్ను ఓదార్చింది. ఆమె నన్ను ఓదార్చింది! ఫ్లాట్ పోయింది. అడ్వాన్సులో కొంత కోసుకుని మిగతాది ఇచ్చారు. ఆమె ఏడ్చినట్టు నేను చూడలేదు, కానీ ఆ తర్వాత చాలాకాలం కొత్త బిల్డింగులు చూడటానికి వెళ్ళలేదు.

అక్కడి నుంచి నేను చేసింది కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో నాకు నిజంగా గర్వం ఉంది. నా షాపు రిజిస్ట్రేషన్ అయిన సీజన్లోనే, ఆ లోనులో వదిలేసిన మిగతా సగం నేనే కట్టాను. తీసుకోవడానికి కూడా లోను ఇచ్చినవాళ్ళు నన్ను తిప్పారు. కట్టినట్టు కాగితం తీసుకుని, రికార్డు మారేదాకా వాళ్ళ వెంటపడ్డాను. 'సెటిల్డ్' పోయి 'క్లోజ్డ్' అయింది. స్వరూపక్క చేత చిన్న డిపాజిట్ వేయించి దాని మీద కార్డు ఇప్పించాను. పచారీ సామానుకు వాడించి, గడువుకి ముందే గుర్తుచేసి కట్టించాను. నెలనెలా స్కోరు పాకుతూ పైకొస్తుంటే ఇద్దరం ఫోన్‌లో చూసుకుని చిన్నపిల్లల్లా సంబరపడేవాళ్ళం. కంప్యూటర్ తప్పు దిద్దించానని ఆమెకు చెప్పాను. అబద్ధానికి చీర కట్టి ముస్తాబు చేశాను. మా చెల్లె బ్యాంకోళ్ళను వణికిచ్చింది అని ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంది. అక్కడి నర్సులు కూడా ఇప్పుడు నా దగ్గరికే సలహాకి వస్తారు.

చివరికి ఆమెకు లోను వచ్చింది. కానీ ఈలోపు ఎల్.బి. నగర్ ధరలు ఆమెకు అందనంత ఎత్తుకు వెళ్ళిపోయాయి. హైవే మీద బాటసింగారం వైపు కొనుక్కుంది. అక్కడి పండ్ల మార్కెట్ లారీల మధ్య, రెండు బస్సులు మారి డ్యూటీకి వస్తుంది. మోకాళ్ళ నొప్పి మొదలైంది. అడిగితే, సొంతింటికి పోతున్నప్పుడు దూరమనిపిస్తదా చెల్లె అంటుంది. నాకు మాత్రం ఆమె నిలబడి వెళ్ళే ప్రతి బస్సూ నేను ఎక్కించినదే అనిపిస్తుంది.

గృహప్రవేశం రోజు పొయ్యి వెలిగించి పాలు పొంగించాల్సింది ఆ ఇంటి ఆడపడుచు. వాళ్ళాయనకు అక్కచెల్లెళ్ళు లేరు. స్వరూపక్క నా చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి, అందరి ముందూ అంది: "గీ ఇల్లు వచ్చిందే నీ తోటి. నువ్వే పొంగియ్యాలె."

తప్పుకోవచ్చు. ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. ఏదో ఒక వంక చెప్పొచ్చు. వెలిగించాను. గిన్నె అంచు దాటి పాలు పొంగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు నాకు సిగ్గేసిందని రాయాలని ఉంది. సిగ్గెయ్యలేదు. ఛాతీ ఉప్పొంగింది. ఆమెకు పట్టుచీర, జాకెట్టు నేనే పెట్టాను, జాకెట్టు మీద వర్కు ఆ మెషిన్ మీదే చేశాను. ఆ చీరలో ఆమె ఎంత బాగుందో! ఇంటికి తిరిగొచ్చి స్నానం చేస్తుంటే మాత్రం తట్టింది: ఒక ఇల్లు పోగొట్టి ఇంకో ఇంటికి దీవెనలు అందుకున్నాను.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే ఆమె క్షమిస్తుందన్న భయం కూడా ఉంది. ఈసారీ నన్నే ఓదారుస్తుంది, అది నేను భరించలేను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందనుకోను. నా షాపు నా కష్టం, అందులో ఒక్క కుట్టు కూడా వదులుకోను. ఈ పాపమూ నాదే, దీన్నీ వదులుకోను. స్వరూపక్క పేరును చెడగొట్టింది నేను. తెలిసే చేశాను. రాసిన ఈ మాటల్ని ఇప్పుడే ఒకసారి పైకి చదివాను. గొంతు పట్టెయ్యలేదు.