దారమా, బంకా?

మా బావకి ఒక పుస్తకం నచ్చిందంటే ఆ రోజు సూర్యుడు పడమట పొడిచాడనుకోవాలి. ఆయన మా అక్క మొగుడు, బైండింగ్ మేస్త్రి. నేను లైబ్రరీలో ముందు బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటాను. ఆయన వెనకగదిలో కూర్చుని చినిగినవాటికి కొత్త అట్టలు కడతాడు. ఆ ఉద్యోగం నేనే చెప్పి వేయించాను. ఆ పాపం ఇరవై రెండేళ్ళుగా అనుభవిస్తున్నాను.

ఆయన పద్ధతి ఒకటుంది. చినిగిన పుస్తకం చేతికి రాగానే మొదటి పది పేజీలు చదువుతాడు. బాగుందనిపిస్తే సూదీ దారం తీసి, పదహారేసి పేజీల మడతలని ఒక్కొక్కటిగా ఓపిగ్గా కుడతాడు. చెత్త అనిపిస్తే వీపుకింత బంక రాసి, అట్ట అంటించి, "పో, ఎన్నాళ్ళుంటావో ఉండు" అని పక్కన పడేస్తాడు. మా లైబ్రరీలో వెయ్యి నవలలుంటే, దారానికి నోచుకున్నవి యాభై ఉంటాయేమో.

"మొత్తం చదవకుండా ఎలా చెప్తావు బావా?" అంటే, "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడూ తినాలా మరదలా? ఒక్క మెతుకు చాలదూ!" అంటాడు.

సినిమాలకీ అదే వరస. ఇంటర్వెల్ పడగానే లేచి, "మిగతాది నాకు తెలుసు, పద" అంటాడు. పక్కనున్న అక్కా లేవాల్సిందే. పెళ్ళయ్యాక అక్క రెండో సగం చూసిన సినిమా ఒక్కటీ లేదు. ఇక టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్క సీరియల్ పెట్టుకుంటే ఈయన కుర్చీ గోడవైపు తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చుంటాడు. ఇంకో గదిలోకి పోవచ్చు కదా? పోడు. తిట్టాలంటే వినపడాలిగా మరి! "సోమవారం తలుపు కొట్టారు. ఇవాళ గురువారం. ఇంకా తియ్యలేదు. ఆ బయట నిలబడ్డవాడికి బుద్ధుంటే ఈపాటికి ఇంటికెళ్ళి పడుకునేవాడు. రాసేవాళ్ళకి సిగ్గు లేకపోతే చూసేవాళ్ళకైనా ఉండాలి."

"మీ గోల మీది, నా సీరియల్ నాది" అని అక్క సౌండు పెంచేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. చెత్తని నేనూ చెత్తే అంటాను. కాకపోతే చూసి అంటాను.

ఇలా ఉండగా అక్క కంటికి ముప్పొచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలినదానికి సోమవారం ఆపరేషన్. "చెయ్యడం మా వంతు, చూపు మాత్రం మా చేతిలో లేదు" అని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. అక్క ఏడవలేదు. నా బల్ల దగ్గరికొచ్చి, ఒక ఇంటి గురించి ముగ్గురు అక్కచెల్లెళ్ళు కొట్టుకునే ఆరొందల పేజీల నవల పట్టుకెళ్ళింది. "ఇదొక్కటి పూర్తి చేస్తానే. మళ్ళీ చదువుతానో లేదో" అంది. కిటికీ పక్కన కూర్చుని, భూతద్దం పెట్టుకుని, వెలుగున్నంతసేపూ చదివేది.

శనివారం సాయంత్రానికి పేజీలు అయిపోయాయి గానీ కథ అవలేదు. చివరి పదహారు పేజీలు లేవు. బంక ఎండిపోయి, ఆ మడత మొత్తం ఊడిపోయింది. అది ఎవరి బంకో వేరే చెప్పాలా!

"ఏమండీ, ఇది మీరు కట్టిందేగా" అంది అక్క. "పెద్దది చివరికి ఇల్లు అమ్ముతుందా, ఉంచుకుంటుందా? అదొక్కటీ చెప్పండి."

చదవలేదని ఒప్పుకుంటే మా బావ ఎందుకవుతాడు? ఓ పావుగంటసేపు కథ అల్లాడు. పెద్దది ఇల్లు అమ్మేసిందట. చెల్లెళ్ళు వచ్చి కాళ్ళ మీద పడ్డారట. అంతలో పెద్ద వాన వచ్చిందట. అందరూ ఆ వానలో తడుస్తూ కౌగిలించుకున్నారట. అక్క మొత్తం విని, భూతద్దం కింద పెట్టింది.

"ఇది మీ సొంత కథ కదూ?"

"అలా ఎందుకనుకుంటున్నావు?"

"ఈ నవల రాసినావిడ ఇంత చెత్తగా రాయదండీ."

అప్పుడు చూడాలి మా బావ మొహం! నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం నవ్వలేదు. "పదహారు పేజీలే మిగిలాయి. పదహారే" అని కన్ను తుడుచుకుంది.

ఆదివారం పొద్దున్నే రిజిస్టరు తిరగేశాను. అక్కకి ముందు ఆ నవల తీసుకెళ్ళింది బట్టలు కుట్టే ఆవిడ. బావని పదమంటే రానన్నాడు. "సరే, ఆ మాట అక్కతో నువ్వే చెప్పుకో" అన్నాక చెప్పులేసుకున్నాడు.

ఆవిడ మిషను తొక్కుతూనే మాట్లాడింది. "ఆ పేజీలా? ఊడి నా ఒళ్ళో పడ్డాయమ్మా. పోతాయేమోనని తీసి దాచాను, ఈలోగా మా ఆయన పుస్తకం ఇచ్చేసొచ్చాడు. ఆ కట్టినవాడెవడో గానీ, వాడి చేతులు పడిపోను! ఇంత మంచి నవలకి నాలుగు కుట్లు వెయ్యడానికి వాడికేం రోగం?"

"రోగం కాదు, పొగరు" అన్నాను. బావ గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

ఆవిడ సొరుగులోంచి తీసిచ్చింది. పదహారు పేజీలనీ మిషను మీద కుట్టి, పూలగుడ్డతో అట్ట కూడా వేసింది. బావ అటూ ఇటూ తిప్పి, కుట్టు వెంబడి వేలితో రాసి చూశాడు. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

ఇల్లు చేరేసరికి అక్క కంట్లో ఆపరేషన్ కోసం ఇచ్చిన చుక్కలు వేసుకుని ఉంది. అక్షరం ఆనడం లేదు. "మీరే చదవండి" అంది. చదివాడు. పేజీకోసారి ఆగి, "ఈ రెండోదెవరు? పెద్దది దానితో ఎందుకు మాట్లాడదు?" అని అడిగాడు. అక్క వెనక జరిగినదంతా చెప్పుకొచ్చింది. పదహారు పేజీలకి సాయంత్రమైంది. పెద్దది ఇల్లు అమ్మలేదు, ఉంచుకోనూ లేదు. తాళంచెవి చిన్నదాని చేతిలో పెట్టి, "నాకొక గది అద్దెకిస్తావా?" అని అడిగింది. అది చదివి బావ పూలగుడ్డ అట్ట మూశాడు.

"ఎలా ఉందండీ?"

"ఆ... అక్కడక్కడా ఫర్వాలేదు." ఆయన నోట ఆ మాట బిరుదు కింద లెక్క.

ఆపరేషన్ అయింది. చూపు రాలేదు.

నేను లైబ్రరీ వెనకగదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. బావ ఏడవలేదు. ఆ నవల విప్పి, పూలగుడ్డ పేజీలు కలిపి, మొదటి మడత నుంచీ దారంతో కుడుతున్నాడు.

మొన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. టీవీ మోగుతోంది. అక్క మంచం మీద కూర్చుని ఉంది. బావ కుర్చీ టీవీవైపు తిరిగి ఉంది.

"తలుపు కొడుతున్నారు" అంటున్నాడు. "అత్తగారు లేచింది. ఆ నగలేంటో, ఆ పౌడరేంటో, ఖర్మ! ఇదిగో, గడియ మీద చెయ్యి పెట్టింది..."

"ఎవరొచ్చారండీ?"

"ఉండవే, చూపించనీ."

అంతలో ఆ రోజుకి సీరియల్ అయిపోయింది. నేనూరుకుంటానా? "పోనీలే బావా, మిగతాది నీకు తెలుసుగా" అన్నాను.

ఆయన నావైపు తిరగనైనా లేదు.

"తెలీదు" అన్నాడు. "రేపు చూసి చెప్పాలి."