రూతమ్మకు కనిపించిన తాబేలు

అండమాన్ నీళ్లలో తాబేలు కనిపించిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తోడికోడలు రూతమ్మ. మా ఊరు ఆళ్లగడ్డలో ఏడాదిగా దాన్ని చూపించమని ప్రార్థించింది నేను. ఇక్కడికొచ్చి రెండుసార్లు సముద్రంలో తల ముంచినా నాకు కనిపించినవి చారల చేపలే.

“నా చెయ్యి కిందనే పోయిందక్కా! నువ్వు యాడ చూస్తాండావ్?”

నా కడుపు మండిపోయింది.

పడవలో మాకు నీళ్లలో చూసే అద్దాలు, ఊపిరి పీల్చే గొట్టాలు తొడిగే అప్పలమ్మ పెద్దలది శ్రీకాకుళమట.

“నువ్వెన్ని తాబేళ్లను చూసినావమ్మా?” అని అడిగాను.

“నీళ్లలోపల ఒక్కటీ చూళ్లేదమ్మా. ఇంటాయన చేపల వేటకెల్తే మా ఇంటి ఆడోళ్లం సముద్రంలో దిగం. ఆయన రోజూ ఎల్తాడు. ఆ చారల చేపలు లోపలెలా తిరుగుతాయో కాస్త చెప్పండమ్మా.”

దేవునికి స్తోత్రం చెప్పుకొని, చూసినదంతా చెప్పాను. రూతమ్మ మీది కడుపుమంట ఇంకా చల్లారలేదు. దానికి నేనే ప్రార్థించుకుంటాను. సంఘస్తులారా, మీ ప్రార్థనలో అప్పలమ్మను జ్ఞాపకం చేసుకోండి.