స్లైడ్లు పెట్టే ఆయన నవ్వు

ఎవరినైనా క్షమిస్తానేమో గానీ, కోల్‌కతాలో మా మెడికల్ కాలేజీ ల్యాబులో స్లైడ్లు పెట్టే ఆయన్ని మాత్రం క్షమించను. తరగతి మొత్తం ముందు నన్ను చూసి నవ్వాడు.

ఆ ఊళ్లోనే, గార్డెన్ రీచ్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన. మైక్రోస్కోపు అద్దం తుడుస్తూ, ఎవరేం చెప్పినా "మళ్లీ సూడు బాబూ" అనేవాడు.

ఆ రోజు ఎదిగే ఎముక స్లైడు పెట్టాడు. అందులో ఉబ్బిన మృదులాస్థి కణాలను చూసి, "ఇవే ఎముక కణాలుగా మారుతున్నాయి" అన్నాను.

"మారడమేటి బాబూ! శానామట్టుకు ఉబ్బి సచ్చిపోతాయి. అవి వదిలేసిన గోడల్లోకి నెత్తురు నాళాలు దూరతాయి. ఆటితో వచ్చిన కొత్త కణాలు ఆ గోడల మీద ఎముక కడతాయి" అని పకపకా నవ్వాడు.

అప్పటికే ఈ స్లైడ్ల పరీక్ష ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే ఏడాది పోతుంది. అలాంటివాణ్ని చూసి నవ్వుతాడా? ప్రొఫెసర్‌కి ఫిర్యాదు రాశాను. ఆయన బల్ల మీదికి కాగితాలు చేర్చేది కూడా ఈయనే కాబట్టి, ఈయన చేతికే ఇచ్చాను.

నిలబడే చదివాడు.

"నన్నేటన్నా అను బాబూ. ఇందులో కూడా మారతన్నాయనే రాసేవు. రేపు నిన్ను పరీక్ష సేసేది ఆ సారే. మళ్లీ సూడు" అని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

పరీక్షలో అదే స్లైడు వచ్చింది. ఆయన చెప్పిందే చెప్పి గట్టెక్కాను.

మర్నాడు కాగితం తీసి, "ఇప్పుడు సారుకిచ్చేమంటావా?" అన్నాడు.

లాక్కున్నాను. కణాల సంగతి దిద్ది, శుభ్రంగా తిరగరాసి ఇచ్చాను. నవ్విన సంగతిలో ఒక్క అక్షరం మార్చలేదు.

ఆయన మళ్లీ చదివి, "ఇప్పుడు బాగుంది బాబూ" అని సార్ బల్ల మీద పెట్టొచ్చాడు.