స్లోలో నిలబడని బండి

సగమే కాలిన పెట్రోలుకు ఒక వాసన ఉంటుంది. కళ్ళు మండించి, గొంతులోకి చేదుగా దిగి, నాలుక మీద మసిలా కూర్చుంటుంది. పోయిన నెల ఓర్వకల్లు దాటగానే నా పాత కారుకు పికప్ పోయింది. ఎంత తొక్కినా లాగడం లేదని పక్కకు తీసి ఆపితే, ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ ఆ వాసనే వదిలింది. పక్క సీట్లో అమ్మ ఉంది. నాకు కారు గురించి కంటే అమ్మ గురించే భయం వేసింది. ఎందుకో తెలియాలంటే మా నాయన బండి సంగతి చెప్పాలి.

మా ఊరు కోయిలకుంట్ల దగ్గర, నాపరాళ్ళ గనుల నడుమ ఉంటుంది. పొద్దున కళ్ళు తెరిచేసరికే రాళ్ళు కోసే రంపాల మోత మొదలయ్యేది. ఆ రంపాల కింది నుంచి లేచిన తెల్లపొడి వేపాకుల మీద, ఆరేసిన బట్టల మీద, ఎనుముల వీపుల మీద, వేడివేడి ఉగ్గాని గిన్నె మూత మీద తేడా లేకుండా దిగేది. శివరాత్రి దాటి గాడ్పులు మొదలైతే ఇక చెప్పే పని లేదు. మేం ఆ పొడిలో వేళ్ళతో బొమ్మలు గీసి, అరుగుల మీద గచ్చకాయలాడి, ముఖాలు తెల్లగా పూసుకుని ఇల్లు చేరితే అమ్మ తడిగుడ్డతో తుడిచేది. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. నీళ్ళకుండకు తడిగుడ్డ, జొన్నరొట్టెల బుట్టకు తడిగుడ్డ, కిటికీలకు తడిగుడ్డ, వడగాలికి మా నెత్తిన తడిగుడ్డ. ఊరంతా పొడి మింగుతుంటే మా ఇంటిని మాత్రం దాని నుంచి కాపాడగలనని ఆ పిచ్చితల్లి నమ్మకం.

మా తాత ఆ గనుల్లోనే పనిచేసి దగ్గి దగ్గి పోయాడు. చచ్చినా ఆ రంపాల కిందికి పోనని పట్టుబట్టి, ఎన్ని చేతులు మారిందో తెలియని తెల్లకారొకటి కొని బాడుగకు తిప్పేవాడు నాయన. కాన్పులొస్తే కర్నూలు పెద్దాసుపత్రికి, పెండ్లిళ్ళకు, మొక్కుబడులకు అదే బండి. శివరాత్రి రోజుల్లో శ్రీశైలం బాడుగలు ఊపిరాడనిచ్చేవి కావు. ఆయన కొండ నుంచి వచ్చిన రోజు బండి లోపల విభూతి, అగరొత్తులు, బత్తాయి తొక్కలు, ఎండకు కాగిన రెక్సిన్ సీట్లు కలిసి వాసన కొట్టేవి. అడవితేనె సీసా తెచ్చేవాడు. అమ్మ బక్షాలు చేసి నెయ్యి పోసి పెట్టేది, మేం సీట్ల కింద దూరి యాత్రికులు జారవిడిచిన పేలాలు ఏరుకుని తినేవాళ్ళం. ఆ బండి ఉన్నన్నాళ్ళూ మేం గని కూలీల పిల్లలం కాదు. డ్రైవరు పిల్లలమని ఎంత మిడిసిపడేవాళ్ళమో.

ఒక ఎండాకాలం, బానెట్ ఎత్తి తుడుస్తున్న నాయన దగ్గరికి వచ్చి అమ్మ, ఇంజను గాలి పీల్చుకునేది యాడ నుంచి అని అడిగింది. ఆయన ఒక నల్ల డబ్బా మూతి చూపించాడు.

"మనం ముక్కులకు కట్టుకుంటాండాం గదా, దానికి ముక్కు లేదా?" అంది అమ్మ.

పాత నూలుచీర చించి, తడిపి, ఆ మూతికి బిగించి కట్టింది. సాయంత్రం విప్పితే గుడ్డంతా తెల్లటి ముద్ద. ఇంత పొడి ఇంజన్లోకి పోకుండా ఆపిందని నాయన మురిసిపోయాడు. ఇక రోజూ పొద్దున్నే బండికి తడిగుడ్డ కట్టడం అమ్మకు సంధ్యాదీపం పెట్టినంత నియమమైపోయింది.

తర్వాత బండి చెడింది. కాలు తీస్తే స్లోలో నిలబడదు, వణికి ఆగిపోతుంది. రేసు ఇస్తే నల్లపొగ. ఎత్తు ఎక్కలేదు. కోయిలకుంట్లలో ఖాదర్ మామ షెడ్డుకు తీసుకుపోతే, ఆయన ఇంజను తిరుగుతుండగానే ప్లగ్గుల వైర్లు ఒకటొకటిగా పీకి చూసేవాడు. ఏ వైరు పీకినప్పుడు శబ్దం మారదో అక్కడ దోషమున్నట్టు. ఏ ఒక్కదాన్నీ తప్పు పట్టడానికి లేదు, ప్లగ్గులన్నీ ఒకేలా మసిబారి ఉండేవి. గీకి, కార్బరేటరు కడిగి ఇస్తే బండి గుర్రంలా ఇల్లు చేరేది. మర్నాటికి మళ్ళీ అదే రోగం.

ఆయన మాత్రం ఎలా కనిపెడతాడు? షెడ్డు ఇంకాస్త దూరం ఉందనగా నాయన బండి ఆపి, గుడ్డ విప్పి సీటు కింద దాచేవాడు. పెండ్లాం చీరముక్క నలుగురు మగవాళ్ళ ముందు బయటపడటం ఆయనకు నామోషీ. ఇంటికొచ్చాక అమ్మ మళ్ళీ కట్టేది. జబ్బు ఇంట్లో వదిలి బండిని వైద్యుడి దగ్గరికి తీసుకుపోయినట్టయింది మా పని.

మరుసటి శివరాత్రికి దోర్నాల దాటినాక ఘాట్ మీద బండి మొరాయించింది. ముసలివాళ్ళు సైతం దిగి ఎండలో నడిచారు, నాయనను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ మాట ఊరూరా పాకి బాడుగలు ఆగిపోయాయి. అమ్మ దిష్టి తీసింది, నిమ్మకాయలు కట్టింది. చివరికి ఖాదర్ మామ, ఇంజనే అరిగిపోయింది, వదిలించుకోమన్నాడు. ఆత్మకూరు వైపు నుంచి ఒకాయన వచ్చి తీసుకుపోయాడు. ఆ పొద్దున కూడా అమ్మ అలవాటు కొద్దీ గుడ్డ కట్టింది. మనసు మనసులో లేక నాయన విప్పడం మరిచాడు. తర్వాతి వారమే ఆయన రాళ్ళు కోసే మిల్లులో, ఆ రంపాల కిందే పనికి చేరాడు.

కొన్నాళ్ళకు నేనూ నాయనా బస్టాండులో ఉంటే బండి కొన్నాయన కనిపించి నవ్వుతూ పలకరించాడు.

"బండి బంగారమట్ల ఉండాదప్పా. డబ్బా మూతికి యాదో గుడ్డ బిగుసుకోని ఉండె, పీకేస్తి. అంతే, ఇంగ యాడా ఆగల్యా."

బండిని తిరిగి కొనే స్తోమత మాకెక్కడిది? బస్సు ఎక్కేటప్పుడు నాయన నా భుజం పట్టుకుని ఒక్క మాట అన్నాడు.

"మీయమ్మకు చెప్పగాకు పాపా. తట్టుకోల్యాదు."

చెప్పలేదు. ఆయన ఊపిరితిత్తులు రాయైపోయే దాకా ఆ మిల్లులో పనిచేశాడు. రోజూ పొద్దున పనికి పోయేముందు అమ్మ ఆయన ముక్కుకు తడిగుడ్డ కట్టేది. ఆయన తల వంచి కట్టించుకునేవాడు. మా తాతలాగే దగ్గి దగ్గి పోయాడు. దేవుడనేవాడు ఉంటే నేను అడగాల్సిన మాటలు చాలా ఉన్నాయి, కానీ వినేవాడున్నాడన్న నమ్మకం నాకు ఆనాడే పోయింది.

పోయిన నెల ఓర్వకల్లు దగ్గర, ఫోను చేస్తే వచ్చిన మెకానిక్కు నా కారుకు మెషీను తగిలించి, ఫోనులో ఏవో అంకెలు చూసి, గాలి ఫిల్టరు బయటికి లాగి నేల మీద కొట్టాడు. పొడి రాలింది.

"ఏం లేదు మేడం, గాలాడ్తా లేదు. పాత బండ్లకైతే దీంతోనే ప్లగ్గులు నల్లగయ్యి, ఇంజనే పోయిందనుకుంటాండ్రి" అన్నాడు.

అమ్మ మెల్లగా డోరు తీసుకుని దిగింది. నేను ఆపేలోపే అడిగింది. "నాయనా, ఆ మూతికి తడిగుడ్డ కడితే?"

"గొంతు పిసికినట్లే అవ్వా" అని అతను నవ్వాడు.

మళ్ళీ బయల్దేరాం. ఇప్పుడు ఖాదర్ మామ షెడ్డు లేదు, వైర్లు పీకి చెవితో రోగం పట్టేవాళ్ళు లేరు, మా ఊరి మిల్లుల్లో సగం మూతబడ్డాయి, ఆ తెల్లకారు ఏ తుక్కులో కలిసిందో తెలియదు. కారు మెత్తగా పోతోంది. కర్నూలు దగ్గర పడుతుండగా అమ్మ అడిగింది.

"మీ నాయనకు తెల్సునా?"

"తెలీదమ్మా" అన్నాను.

"తెలీదులే. తెలిసింటే ఒక్కసారన్నా నన్ను తిట్టింటాడు గదమ్మే" అంది.

అవునన్నాను.